కటా విన్యాసాలు – ఆత్మరక్షణ మూలాలు

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో వెలసిన ఉక్కునగరం భిలాయ్. 2000 నుంచి అది ఛత్తీస్‌గఢ్‌లో భాగం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారిలో ఉత్తరాంధ్ర కుటుంబాలూ ఉన్నాయి. వారి స్వగ్రామాల కర్రసాము, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో యాదవులు కర్రలు చేబూని ఆడే రౌత్ నాచా, రెండూ నేడు ప్రధానంగా ఉత్సవాల్లోనే కనిపిస్తాయి. విన్యాసం నిలిచి ప్రయోజనం మరుగున పడటమనే పరిణామం పట్టణాల్లో బాలబాలికలు అభ్యసిస్తున్న కరాటేలోనూ చోటుచేసుకుంది.

కరాటేకు పుట్టినిల్లు ఒకినావా. 1879లో జపాన్‌లో విలీనమయ్యే వరకు అది ర్యూక్యూ రాజ్యం. చైనాతో సాగిన వర్తక, దౌత్య సంబంధాల ద్వారా వచ్చిన పోరాట రీతులు అక్కడి స్థానిక విద్యతో మేళవించాయి. గురువులు ఈ విద్యను ప్రధానంగా ఒక క్రమంలో కూర్చిన కదలికల ద్వారా శిష్యులకు అందించారు. ఆ కూర్పే కటా. అందులోని ప్రతి కదలికనూ విడదీసి, దాని ప్రయోగాన్ని పరిశీలించడాన్ని బుంకాయ్ అంటారు.

20వ శతాబ్ది ఆరంభంలో ఇతోసు అంకో (1831–1915) కరాటేను ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టాడు. విద్యార్థుల కోసం పినాన్ అనే ఐదు కటాలను రూపొందించాడు. తరగతిలో సామూహికంగా నేర్పే విద్యలో వ్యాయామం, క్రమశిక్షణ ప్రధానమయ్యాయి. ప్రమాదకరమైన ప్రయోగాలు వెనుకబడ్డాయి. అయినా 1908లో రాసిన లేఖలో ఆయన ప్రతి కదలిక అర్థాన్నీ, ప్రయోగించవలసిన సందర్భాన్నీ తెలుసుకొని సాధన చేయాలని స్పష్టం చేశాడు. దుండగుడు ఎదురైనప్పుడు గాయపడకుండా బయటపడటమే ఈ విద్య లక్ష్యమని కూడా పేర్కొన్నాడు.

ఈ దృష్టితో చూస్తే కటాలోని అనేక కదలికలకు అర్థం మారుతుంది. ఒక చేతితో గుద్దుతూ రెండవ చేతిని నడుము వద్దకు లాగడం కేవలం భంగిమ కాదు. ప్రత్యర్థి చేతిని పట్టి, అతడి నిలకడ తప్పేలా గుంజడమని వివరించవచ్చు. ముంజేతిని నుదుటి పైకి ఎత్తే కదలిక దెబ్బను కాచుకోవడానికే కాక, దగ్గరగా వచ్చినవాడి గడ్డం కింద తాకడానికీ ఉపకరిస్తుంది. శరీరాన్ని తిప్పడం మరో శత్రువు కోసమే కానక్కరలేదు. కటాలోని దిశలను బట్టి శత్రువులు అన్ని వైపులా ఉన్నారని భావించరాదని మబుని కెన్వా (1889–1952) వివరించాడు. ఎదుటివాడికి ఏ కోణంలో నిలవాలో ఆ మలుపు సూచిస్తుంది. మోతోబు చోకి 1926లో ప్రచురించిన గ్రంథంలో ఇద్దరు అతి సమీపంలో తలపడే అభ్యాసాలు ఛాయాచిత్రాలతో సహా ఉండటం గమనార్హం.

కాలక్రమేణా కరాటే క్రీడగా విస్తరించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కటా కూడా పోటీ అంశమైంది. పోటీలో క్రీడాకారుడి సమతూకం, వేగం, పట్టు పరీక్షకు వస్తాయి. వీధిలో మణికట్టు పట్టుకుని లాగే వ్యక్తి నియమాలు పాటించడు, దూరంగా నిలబడడు. పతకాలు సాధించిన బాలిక సైతం జతగాడితో పట్టు విడిపించుకునే సాధన చేయనిదే ఆ క్షణంలో నిస్సహాయురాలయ్యే ప్రమాదం ఉంది. తనకు రక్షణ ఉందన్న భ్రమ అసలు విద్య లేకపోవడం కంటే హానికరం.

కనుక కటాను అలంకారప్రాయమని తోసిపుచ్చడం గానీ, అందులోని ప్రతి కదలికకూ ఒకే అర్థముందని వాదించడం గానీ సమంజసం కాదు. క్రమాన్ని యథాతథంగా కాపాడుతూనే, ప్రయోగాన్ని జతగా, క్రమేపీ ప్రతిఘటన పెంచుతూ పరీక్షించాలి. పట్టు విడిపించుకుని సురక్షిత స్థలానికి చేరడమే విజయమని మొదటి పాఠంలోనే బోధించాలి. శతాబ్దం క్రితం ఇతోసు కోరిన సాధన అదే. నేటి శిక్షకులు దానిని ఆచరణలో పెడితే, కటా నేర్చిన పిల్లలకు పతకంతో పాటు ఆత్మరక్షణ కూడా అందుతుంది.