రెండు బొగ్గుల ముచ్చట

మంట కాడికి జరుగుండ్రి బిడ్డా. సూరత్‌ల సలి నాలుగు దినాలే. గీ నాలుగు దినాలే నా ముచ్చట్లు సాగుతయి.

కరీంనగర్ దిక్కు కెల్లి మనోళ్లు సాంచాల పనికి ఈ లింబాయత్‌కు అచ్చినప్పుడు నేను పోరన్ని. నేను సూరత్ బండెక్కితే, మా తమ్ముడు గోదావరిఖని బొగ్గుబాయిల దిగిండు. అట్ల మా ఇంటికి రెండు బొగ్గులు ఎరుకైనయి: ఆడ సింగరేణి బొగ్గు, ఈడ మంగ్రోల్ తాలూకా వస్తాన్ కాడ తీసిన లిగ్నైట్. రెండూ చెట్లు పూడి అయినయే. గని నడుమ 20 కోట్ల ఏండ్లు!

తమ్ముడు ఒకసారి బాయిలకెల్లి నల్లటి రాతిపలక తెచ్చిండు. మీద నాలుక తీరు పొడుగాటి ఆకు అచ్చు. నడుమ ఈనె, రెండు పక్కల అల్లుకున్న సన్న నరాలు. గ్లోసోప్టెరిస్ అంటరు. గదే ఆకు ఆఫ్రికాల, ఆస్ట్రేలియాల, దక్షిణ అమెరికాల దొరికింది. 1912ల దక్షిణ ధ్రువం కెల్లి మళ్లుకుంట మంచుల పాణాలిడిసిన స్కాట్ బృందం కాడ 16 కిలోల రాళ్లు దొరికినయి. ఆకలితోని సచ్చేటప్పుడు గూడ పారేయలే వాళ్లు. అండ్ల గీ ఆకే ఉన్నది! గా భూములన్నీ ఒకప్పుడు ఒక్కటే. మన గోండుల సీమ పేరు మీద దాన్ని గోండ్వానా అన్నరు. ఖండాలు కదులుతయని గా 1912లనే వెగెనర్ అనే శాస్త్రవేత్త చెప్తే, శాన ఏండ్లు ఎవ్వలు నమ్మలే.

గోండ్వానా పలిగినంక మన భూమి ఉత్తరం దిక్కు నడిచింది. తొవ్వల, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద, లావా పొంగింది. సూరత్ తూర్పున గుట్టల నల్లరాయి అదే. ఎన్కసీరి ఈడ సముద్రపొడ్డున అడవులు మొలిసినయి. గదే వస్తాన్ లిగ్నైట్.

గా అడవిల గుగ్గిలం జాతి చెట్ల బంక పచ్చటి పెళ్లలై మిగిలింది. అండ్ల సీమలు, చెదలు, సాలీళ్లు. బంక ఇంక పూర్తిగ రాయి కాలే, మందుల కరిగిస్తే పురుగు కాళ్లతో సహా బయటికస్తది. ఒంటిగ నడిచిన భూమి గదా, పురుగులు ఏరే తీరు ఉండాలె. గని ఐరోపా, ఆసియా పురుగులకు సుట్టాలని 2010ల తేల్చిండ్రు. అంటే ఆసియాకు గట్టిగ తాకకముందే రాకపోకలున్నయన్నట్టు. గుర్రాలకు, ఖడ్గమృగాలకు దగ్గరి సుట్టమైన కాంబేథీరియం ఎముకలు గూడ ఆడనే దొరికినయి. సూరత్ అంటే చీరెలు, వజ్రాలే అంటది లోకం. నాకైతే గా ఎముకలే ఎక్కువ.

ఎండకాలం ఊరికి పోతరు గదా. బొగ్గురాళ్ల కుప్పల ఆకు అచ్చు కనవడితే కాలుతోని తన్నకుండ్రి. ఏ జాగల దొరికిందో కాయితం మీద రాసి, రాయితోని పాటు బడి సార్‌కు ఇయ్యిండ్రి. జాగ తెల్వకుంటే ఆ రాయి విలువ సగం పోతది.