కడలి అడుగున నాగలి



మన పల్లెలలో చెరువున చేపలు పట్టు దినము మీరెల్లరును ఎరిగినదే. ఎండకాలమున నీరు అడుగంటగనే ఊరివారు వలలతో దిగుదురు. మధ్యాహ్నమగునప్పటికి చెరువంతయు బురదనీరగును. అయినను ఎవరును చింతింపరు. ఏలన, తొలకరి కురిసినంతనే చెరువు నిండును. ఏడాది తిరుగునప్పటికి చేప మరల పెరుగును. ఈ నమ్మకమునే మనుష్యుడు సముద్రమునకును అన్వయించెను. ఊరి చెరువునకే ఇంతటి శక్తి యుండగా మేరలేని సముద్రమునకు లోటెక్కడిదని తలచెను. ఆ తలపు ఎక్కడ తప్పినదో, ఆ తప్పును మొదట గుర్తించినవారెవరో నేడు మనవి చేసెదను.

ఈ కథ ఇంగ్లండు దేశమున ఆరంభమగుచున్నది. 1376వ సంవత్సరమున, మూడవ ఎడ్వర్డు రాజ్యము చేయుచుండగా, పార్లమెంటునకు ఒక విన్నపము వచ్చెను. దాని సారాంశమిది: ఏడేండ్ల క్రిందట కొందరు జాలరులు ఒక క్రొత్త వలను కల్పించిరి. దాని కన్నులు మిక్కిలి చిన్నవి. దానికి గట్టి ఇనుపకమ్మి కలదు. అది సముద్రపు అడుగును బరువుగా రాచుకొనుచు పోయి, నీటిక్రింది నేలపై మొలచిన పూవులవంటి వానిని, పెద్ద చేపలకు ఆహారమగు చిప్పల పిల్లలను నాశనము చేయుచున్నది. పడిన చిన్నచేపలను ఏమి చేయుటకును తోచక ఆ జాలరులు పందులకు మేపుచున్నారు. కావున ఈ వలను నిషేధింపవలయును. ఇది విని ప్రభుత్వము, తగినవారిచే విచారణ జరిపించి నిజము తేల్చుడని ఆజ్ఞాపించెను.

ఆ వలకు సంతతియే నేటి ట్రాలు వల. దానిని లాగు నౌకను ట్రాలరు అందురు. ఆరువందల యేబది సంవత్సరముల నాటి ఆ విన్నపములో నేటి శాస్త్రజ్ఞులు చెప్పు మూడు విషయములును ఉన్నవి. అడుగున నివాసము చెడుట ఒకటి, ఆహారము నశించుట ఒకటి, పనికిరాని పిల్లచేప వ్యర్థమగుట ఒకటి. ఆ వ్రాసినవారికి భూతద్దములు లేవు, ప్రయోగశాలలు లేవు. వారు తమ రేవున చేప తగ్గుటను కన్నులార చూచిరి, అంతియే.

తరువాత చిరకాలము సముద్రమును కాపాడినది చట్టము కాదు, మనుష్యుని అశక్తతయే. తెరచాప నౌక గాలి వీచినప్పుడే వలను లాగగలదు. లోతు ఎక్కువైనచో త్రాడు చాలదు. రాతినేల యైనచో వల చినుగును.

1863లో గాలపు జాలరులకును ట్రాలరులకును వివాదము ముదిరి, బ్రిటిషు ప్రభుత్వము ఒక రాజవిచారణ సంఘమును నియమించెను. సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్లీ అందొక సభ్యుడు. ట్రాలు వల చేపగ్రుడ్లను చిదిమివేయుచున్నదని గాలపువారు మొరపెట్టుకొనిరి. పొలమును నాగలితో దున్నినట్లు ఈ వల సముద్రపు నేలను దున్ని సారవంతము చేయుచున్నదని ట్రాలరు పక్షమువారు వాదించిరి. 1866లో సంఘము తన నివేదికలో ఆంక్షలను తొలగింపుమని చెప్పెను. 1868లో చట్టము అట్లే మారెను. 1883లో లండను చేపల ప్రదర్శనమున హక్స్లీ మహాసముద్రపు చేపలు మనుష్యునిచే తరుగనివని ప్రకటించెను.

న్యాయముగా చెప్పవలెనన్న హక్స్లీ మూర్ఖుడు కాడు. కాడ్ మొదలగు అనేక సముద్రపు చేపల గ్రుడ్లు అడుగున నుండక నీటిలో తేలుచుండునని ఆ కాలముననే తేలినది. కనుక గాలపువారు చెప్పిన కారణములో పొరపాటున్నది. కాని కారణము తప్పినంత మాత్రమున కన్నది కల్ల కాదు. రోగి తన రోగమునకు పేరు తప్పు చెప్పవచ్చును. నొప్పి మాత్రము నిజమే కదా. ఇక నాగలి ఉపమానమన్ననో, సేద్యము చేసిన మీరే తీర్పు చెప్పగలరు. రైతు దున్నును, విత్తును, ఎరువు వేయును, పదునుకై వేచియుండును. ట్రాలరు దున్నుటయే గాని విత్తుట లేదు. పైరు కోతకు రాకమునుపే మరల నాగలి కట్టును.

హక్స్లీ మాటలాడుచుండగనే కాలము మారుచుండెను. 1881లో గ్రిమ్స్‌బీ రేవునుండి ఆవిరి ట్రాలరులు బయలుదేరినవి. గాలితో పని లేకపోయెను. 1900లో వాల్టరు గార్స్టాంగ్ అను శాస్త్రజ్ఞుడు లెక్కలు కట్టి, నౌకల శక్తి పెరిగిన కొలది ఆ శక్తికి తగినంత చేప దొరకుట లేదని నిరూపించెను. దగ్గరి సముద్రము తరిగినప్పుడు నౌకలు దూరమునకు పోయినవి. దూరము తరిగినప్పుడు లోతునకు దిగినవి.

ఆ లోతున నున్నదేమి? 1840 ప్రాంతములలో ఎడ్వర్డు ఫోర్బ్స్ అను పండితుడు 300 బారలకు, అనగా సుమారు 550 మీటర్లకు, దిగువన ప్రాణి యుండదని ఊహించెను. 1872 మొదలు 1876 వరకు భూగోళమును చుట్టివచ్చిన చాలెంజరు నౌక ఆ ఊహను పటాపంచలు చేసెను. మిక్కిలి లోతులనుండియు జీవులు పైకి వచ్చినవి. మన అమరకోశమున సముద్రమునకు రత్నాకరమని, యాదఃపతి యని పేర్లు కలవు. యాదస్సులనగా జలజంతువులు. దీనివలన మన పూర్వులు ఆ లోతులను చూచిరని నేననుట లేదు. నేను బడిలో ఆ పేర్లను వల్లె వేయించిన నాళ్ళలో, ఆ ప్రభువు ప్రజలు ఇంత లోతున నుందురని నాకును తెలియదు.

సూర్యకాంతి చొరని ఆ చీకటిలో, చన్నీటిలో, పగడములును కలవు. మనము ఉంగరములలో ధరించు పగడము వేరు. ఇది రాతిపొదలవలె కొమ్మలు వేయు జాతి. పైనుండి రాలు ఆహారపు నలుసులే దానికి జీవనాధారము. కావున ఎదుగుదల బహు మందము. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మొదలు రెండు మూడు సెంటీమీటర్ల వరకు మాత్రమే. నార్వే తీరమున సూలా యను చోట నున్న పగడపు దిబ్బ ఎనిమిదివేల యేండ్లకు పైబడినది. ఆ కొమ్మల నడుమ చేపలు, పీతలు, నక్షత్ర మత్స్యములు కాపురముండును.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ లోతులకును దారి తెరచుకొనెను. బ్రిటనులో ఫెయిర్‌ట్రై అను పెద్ద నౌక నీటికి దిగెను. పట్టిన చేపను అందులోనే శుద్ధిచేసి గడ్డకట్టించెడివారు. ధ్వనితో లోతును కనుగొను యంత్రములు వచ్చెను. రాళ్లమీద దొర్లుటకు వల అంచున ఉక్కు చక్రములు, రబ్బరు చక్రములు అమర్చిరి. రాతినేల యిక రక్షణ కాలేదు.

ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా సంగతి వినుడు. అచ్చట సముద్రమున మునిగియున్న గుట్టలపై ఆరెంజి రఫీ అను చేప గుంపులు గూడును. అది గ్రుడ్లు పెట్టు వయస్సునకు వచ్చుటకు సుమారు ముప్పది యేండ్లు; బ్రతుకుట నూరేండ్లకు మించి. 1980 తరువాత ఆ గుంపులను ట్రాలరులు విరివిగ పట్టినవి. 2006 నాటికి ఆ దేశమే దానిని ఆపదలోనున్న జాతుల పట్టికలో చేర్చవలసి వచ్చెను. 1997లో శాస్త్రజ్ఞులు ఆ గుట్టలను పరిశీలింపగా, వల సోకని గుట్టలు పగడములతో నిండియుండెను. వల తిరిగినవి వట్టి రాతిబోళ్ళు. 1999లో కొన్ని గుట్టలను కాపుదలలో నుంచిరి. చేప కొంత కోలుకొనగా 2015లో తూర్పు భాగమున మితముగ వేటకు మరల అనుమతించిరి. కాని 2018లో మరల పోయి చూడగా పగడపు పొదలు తిరిగి లేచిన జాడ లేదు. అక్కడక్కడ కొన్ని జీవులు మాత్రము తల యెత్తినవి.

నార్వేలో ఏమి జరిగినదో గమనింపుడు. పగడములు నలిగిపోవుచున్నవని మొదట చెప్పినవారు అచ్చటి గాలపు జాలరులే. శాస్త్రజ్ఞులు వారి మాటను ఆధారము చేసికొని వెదకిరి. ఆ దేశపు చన్నీటి పగడపు దిబ్బలలో నూటికి ముప్పది నుండి ఏబది వరకు చెడినవని 2002లో అంచనా ప్రకటించిరి. ఈమారు జాలరి మాట వ్యర్థము కాలేదు. 1999లోనే ప్రభుత్వము సూలా దిబ్బపై ట్రాలు వలను నిషేధించెను. 2006లో ఐక్యరాజ్య సమితి మహాసభ 61/105వ తీర్మానమున, అంతర్జాతీయ జలములలో అడుగు వల వేయుటకు ముందే దానివలన కలుగు హానిని పరీక్షింపవలయునని దేశములను కోరెను. 2016లో ఐరోపా సమాఖ్య తన జలములలో 800 మీటర్ల దిగువ ట్రాలు వలను నిషేధించెను.

మన తూర్పు తీరమునను ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలుపుదురు. చేప గ్రుడ్లు పెట్టుటకు ఆ విరామము మేలు. ఆ దినములలో పనిలేక యుండు జాలరి కుటుంబముల కష్టమును మనము మరువరాదు. కాని ఎనిమిదివేల యేండ్ల పగడమునకు 61 దినముల విరామము ఏమి చేయగలదు? దానిని పడగొట్టక యుండుట తప్ప వేరు వైద్యము లేదు.

1376లో ప్రభుత్వమిచ్చిన ఆజ్ఞ మంచిదే. విచారించి నిజము తేల్చుమనెను. మనుష్యులు చేసిన పొరపాటు వరుసలో నున్నది. వల ముందు పోయెను, విచారణ వెనుక వచ్చెను. చెరువు విషయమున ఆ వరుస తప్పినను తొలకరి సరిదిద్దును. కడలి లోతులకు తొలకరి లేదు. కావున అచ్చట విచారణ ముందు నడచి, అవసరమైనచో వల రేవుననే నిలిచిపోవలయును.