మూలకాల సీనియారిటీ జాబితా

మనలో చాలామంది ఇళ్లలో హైస్కూలు చదివే మనవలు, మనవరాళ్లు ఉన్నారు. వారి రసాయన శాస్త్ర పుస్తకంలో మూలకాల ఆవర్తన పట్టిక ఉంటుంది. గడి గడికీ రెండు సంఖ్యలు. ఒకటి పరమాణు సంఖ్య, రెండవది పరమాణు ద్రవ్యరాశి. మన చదువుల నాటికి దీనినే పరమాణు భారం అనేవాళ్లం. పిల్లలు ఒకదాని బదులు ఇంకొకటి రాసి మార్కులు పోగొట్టుకుంటూ ఉంటారు. వారిని కోప్పడవలసిన పని లేదు. ఈ రెంటిలో ఏది అసలైనదో తేల్చడానికి మహామహులకే 44 ఏళ్లు పట్టింది.

ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేసినవారికి ఈ కథ తేలికగా బోధపడుతుంది. ఎందుకంటే ఇది సీనియారిటీ జాబితా తగాదా వంటిదే.

1869లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో మెండెలీవ్ అనే ప్రొఫెసరు, అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారాల వరుసలో పేర్చాడు. అలా పేర్చితే ఒకే రకం గుణాలు కలవి కొంత కొంత దూరంలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కొన్నిచోట్ల ఖాళీలు కూడా వదిలాడు. పోస్టు మంజూరైంది, మనిషే ఇంకా జాయిను కాలేదన్నట్టు. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికి ఆ ఖాళీలలో చేరాయి. ఆయన పేరు మారుమోగింది.

కాని జాబితాలో ఒక ఎనామలీ మిగిలింది. టెల్లూరియం భారం 127.6, అయొడిన్ భారం 126.9. భారం ప్రకారం అయొడిన్ ముందు రావాలి. గుణాలు చూస్తే అది క్లోరిన్, బ్రోమిన్‌ల కుటుంబం. వాటి కింద పడాలంటే టెల్లూరియం తరువాతే రావాలి. మెండెలీవ్ గుణాల మాటే విన్నాడు. టెల్లూరియం తూకంలో తప్పు ఉండి ఉంటుందన్నాడు. సీనియరు కన్నా జూనియరుకు జీతం ఎక్కువ కనబడితే మనం ముందుగా పే బిల్లును అనుమానించమూ? మళ్లీ మళ్లీ తూచారు. బిల్లు సరిగ్గానే ఉంది! కోబాల్టు, నికెల్‌ల మధ్యా ఇదే పేచీ. 1894లో ఆర్గాన్ కనిపెట్టిన తరువాత దానికీ పొటాషియానికీ అదే తంతు.

ఇన్నాళ్లూ పరమాణు సంఖ్య అంటే రిజిస్టరులో ఎడమవైపు వేసే వరుస నంబరు మాత్రమే. దానికి వేరే అర్థం లేదు. 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్, పరమాణువు నడుమ ధనావేశం గల కేంద్రకం ఉందని చెప్పాడు. ఆ ఆవేశం ఎంతో ఈ వరుస నంబరూ అంతేనని సూచించినవాడు వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి దేశస్థుడు. ఆయన చదివింది లా. భౌతిక శాస్త్రం సరదా కొద్దీ పట్టుకున్నాడు. నాబోటి గుమాస్తాకు ఈ సంగతి ఎంతో ముచ్చటేసింది.

సూచన వేరు, రుజువు వేరు. రుజువు తెచ్చినవాడు రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన హెన్రీ మోస్లీ. 1913 నాటికి అతని వయసు పాతిక దాటింది, అంతే. గాలి తీసేసిన గొట్టంలో ఒక్కొక్క మూలకాన్ని ఎలక్ట్రానులతో కొట్టించి, అది వెలువరించే ఎక్స్-కిరణాలను ఫొటో ప్లేటు మీద పట్టాడు. కాల్షియం నుంచి జింకు వరకు, స్కాండియం వదలి, పది మూలకాలు చూశాడు. జింకు కోసం ఇత్తడి ముక్క వాడాడు. అందులో రాగి గీతలూ పడ్డాయి. కిరణాల కంపన సంఖ్యకు వర్గమూలం తీస్తే, మూలకం మారినప్పుడల్లా లెక్క ఒక్కొక్క సమానమైన మెట్టు ఎక్కుతోంది. కోబాల్టు 27, నికెల్ 28. తూకం ఎలా ఉన్నా వరుస ఇదే. తగాదా తెగిపోయింది.

మరుసటి ఏడు బంగారం వరకు వెళ్లి, 43, 61, 75 నంబర్లకు మనుషులు లేరని చెప్పాడు. మెండెలీవ్ ఖాళీలు ఊహించాడు; ఇతను లెక్కపెట్టి చూపించాడు. నా దృష్టిలో ఇదే పెద్ద పని.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మోస్లీ తనంతట తానే రాయల్ ఇంజినీర్స్ దళంలో చేరాడు. 1915 ఆగస్టు 10న టర్కీలోని గలిపోలిలో తూటా తగిలి చనిపోయాడు. వయసు 27. తన ఆస్తిని పరిశోధనల కోసం రాయల్ సొసైటీకి రాసిపెట్టాడు. ఎవరిని ఏ పోస్టులో వాడుకోవాలో తెలియని పరిపాలనను మనమూ చూశాం గాని, ఇంత నష్టం చూడలేదు.

మరి భారం ఎందుకు వరుస తప్పింది? కేంద్రకంలో ధనావేశం గల కణాలు ప్రోటాన్లు. పరమాణు సంఖ్య వాటి లెక్క. వాటితోపాటు ఆవేశం లేని న్యూట్రాన్లు ఉన్నాయని 1932లో చాడ్విక్ కనిపెట్టాడు. ప్రోటాన్లు బేసిక్ పే, న్యూట్రాన్లు అలవెన్సులు, రెండూ కలిస్తే గ్రాసు అనుకోండి. సాధారణంగా దొరికే ఆర్గాన్‌లో ప్రోటాన్లు 18, న్యూట్రాన్లు 22, మొత్తం 40. పొటాషియంలో 19, 20, మొత్తం 39. బేసిక్ తక్కువైనా గ్రాసు ఎక్కువ! ఒకే మూలకానికి అలవెన్సులు వేరువేరుగానూ ఉండవచ్చు. క్లోరిన్ పరమాణువుల్లో నాలుగింట దాదాపు మూడు 35వి, ఒకటి 37ది. అందుకే సరాసరి 35.45 అని పిల్లల పుస్తకంలో దశాంశం కనిపిస్తుంది.

మోస్లీ చూపిన ఖాళీలలో 75 అయిన రీనియం 1925లో, 61 అయిన ప్రొమీథియం 1945లో దొరికాయి. 43ను 1937లో ఇటలీలో పెరియే, సెగ్రే గుర్తించారు. పేరు టెక్నీషియం. గుండెకో, ఎముకలకో న్యూక్లియర్ స్కాను తీయించుకున్న మన సభ్యులు దీనిని ఎరుగుదురు. నరానికి ఎక్కించే మందులో సాధారణంగా ఉండేది టెక్నీషియం-99యం. ఈ 99 అంటే 43 ప్రోటాన్లు, 56 న్యూట్రాన్లు. ఆరు గంటలకు దాని రేడియోధార్మికత సగానికి తగ్గిపోతుంది.