గోధుమ లేని విందు - కొంత చరిత్ర, కొంత అనుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు వ్రాసిన నేను వంటను గురించి వ్రాస్తానని అనుకోలేదు. మా ఇంట జరిగిన ఒక పొరపాటు అందుకు కారణం.

రెండేళ్ళ క్రిందట, హైదరాబాదులో హాస్టలులో ఉండి చదువుకుంటున్న మా మేనకోడలి కూతురిని రాత్రి భోజనానికి పిలిచాము. ఆ అమ్మాయికి సీలియాక్ అనే జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవారికి అది చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం దానిని మానివేయడమే వైద్యం. "నాకు గోధుమ పడదు తాతయ్యా" అని ముందే చెప్పింది. "మన ఇంట్లో అన్నమే కదమ్మా, భయమెందుకు?" అన్నాను.

అన్నం, పప్పు, వంకాయకూర, పులిహోర చేసి మా ఆవిడ కొసరి కొసరి వడ్డించింది. మర్నాటికి పిల్లకు వాంతులు, కడుపునొప్పి. రెండు రోజులు మంచం దిగలేదట. ఆ మాట విని మా ఆవిడ కంటతడి పెట్టుకున్నది.

తప్పెక్కడ జరిగిందా అని వెదికితే, పులిహోర పోపులో వేసిన ఇంగువ డబ్బా మీద సన్నటి అక్షరాలలో గోధుమపిండి అని కనిపించింది. ఇంగువ అఫ్ఘనిస్తాన్, ఇరాన్ దేశాలలో పెరిగే మొక్కల వేరు నుండి కారి గట్టిపడే పాలు. ఘాటు ఎక్కువ గనుక బంక, పిండి కలిపి అమ్ముతారు. ఇది కల్తీ కాదు. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలే ఇంగువలో తినదగిన ధాన్యపు పిండి కలపడాన్ని అనుమతించాయి. నిబంధనలు చదివి బ్రతికిన నేను, ఇంట్లో ఉన్న డబ్బా చదవలేదు!

ఆ తరువాత ఈ జబ్బు చరిత్ర తెలుసుకున్నాను. 1888లో లండన్ వైద్యుడు సామ్యూల్ గీ దీనిని వివరంగా వర్ణించి, నయమైతే ఆహారంతోనే నయం కావాలన్నాడు. ఏ ఆహారమో మాత్రం తేలలేదు. హాలండులో విల్లెం డికే అనే పిల్లల వైద్యుడు రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు నుండే గోధుమను అనుమానించాడు. 1944-45 చలికాలంలో అక్కడ ఘోరమైన కరువు వచ్చి రొట్టె కరువైంది. రొట్టె లేనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ నీరసించడం ఆయన అనుమానానికి బలమిచ్చాయి. 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ సంగతి నిరూపించాడు.

ఇక మన సంగతి. నేను కర్నూలు జిల్లా పల్లెలో పెరిగాను. మా ఇంట జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంకటి. వరి అన్నం పండుగనాటి మాట. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. 1966 కరువులో దాదాపు కోటి టన్నుల తిండిగింజలు దేశానికి దిగుమతి అయ్యాయి. చౌకధరల దుకాణం నుండి నాన్నగారు గోధుమలు తెస్తే, వాటితో ఏమి చేయాలో తెలియక మా అమ్మ రవ్వగా విసిరి సంకటి వండింది! 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక జొన్న, కొర్ర వెనుకబడ్డాయి. చక్కెర వ్యాధి పేరు చెప్పి చాలామంది పింఛనుదారుల ఇళ్ళలో రాత్రిపూట చపాతీ స్థిరపడింది. గోధుమ మన వంటింటికి నిన్నగాక మొన్న వచ్చిన చుట్టమే.

అందుచేత ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచినప్పుడు మా అమ్మ వంటనే ఆశ్రయించాము. పిండిమరలో గోధుమపిండి కలుస్తుంది గనుక, జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టాము. చపాతీల పెనం పక్కన పెట్టి కొత్తది కొన్నాము. జొన్నరొట్టె, గుత్తివంకాయ, ముద్దపప్పు, చారు. ఇంగువకు బదులు అల్లం, కరివేపాకు దండిగా వేసిన పులిహోర. బొబ్బట్లకు మైదా కావాలి గనుక పూర్ణాలు చేశాము. వాటి తోపు బియ్యం, మినప్పప్పు రుబ్బినదే. పూరీలు వేయించిన నూనె వాడలేదు. సేమ్యాకు బదులు సగ్గుబియ్యం పాయసం. ఇందులో కష్టమైన వంట ఒక్కటీ లేదు.

వాడిన పొడుల డబ్బాలన్నీ, సంతకానికి ఫైళ్ళు పెట్టినట్లు, ఆ అమ్మాయి ముందు వరుసగా పెట్టాను. ఒక్కొక్కటే చదివి, "ఇంకెవరి ఇంట్లోనూ ఇలా చూపించలేదు తాతయ్యా" అన్నది. ఇతరుల ఇళ్ళలో భోజనం మానుకున్నదని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నాలుగు పూర్ణాలు తిన్నది. మర్నాడు ఫోను చేసి కులాసాగా ఉన్నానన్నది.

సభ్యులకు నా మనవి ఒక్కటే. అతిథిని "ఏమి తింటారు?" అని అడిగినట్లే "ఏది పడదు?" అని కూడా అడగండి. "కొంచెం తింటే ఏమీ కాదు" అని బలవంతపెట్టకండి. మనవలలో ఎవరికైనా విడవని విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లోపం ఉంటే వైద్యునికి చూపించండి. పరీక్షకు ముందే గోధుమ మాన్పిస్తే జబ్బు బయటపడకపోవచ్చు. మన కొసరు వడ్డనలో ప్రేమ ఉన్నమాట నిజమే, కానీ వడ్డించే ముందు కళ్ళజోడు పెట్టుకుని డబ్బా చదవడం కూడా మర్యాదలో భాగమేనని ఈ వయసులో నేర్చుకున్నాను.