అండమాన్ దీవులలో అగ్నిరక్షణ

అండమాన్ ఆదివాసులకు నిప్పు పుట్టించడం తెలియదన్న వాక్యం మానవశాస్త్ర గ్రంథాలలో శతాబ్దానికి పైగా పునరుక్తమవుతూ వస్తున్నది. అరణి మథనాన్ని యజ్ఞకర్మలో నిలుపుకున్న దేశంలో ఈ మాట ఆశ్చర్యం కలిగించడం సహజమే. అయితే అది ఏ ఆధారంపై నిలిచినదో, మధ్యయుగాలకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించవలసి ఉన్నది.

మధ్యయుగపు లిఖిత సాక్ష్యం స్వల్పం. క్రీ.శ. 851 నాటి అరబ్బు గ్రంథం 'అఖ్బార్ అస్సీన్ వల్ హింద్' ఈ దీవులవారిని నరమాంసభక్షకులుగా వర్ణించి, వారికి పడవలే లేవన్నది. మాను తొలిచి దోనెలు చేసుకున్న జనం గురించి ఈ మాట! ఆ వెంటనే అందులో ఒక నిప్పు కథ కూడ కలదు. ఒక కొండ వద్ద దిగిన నావికులు మంట రాజేయగా వెండి కరిగి పారినదట. మంట నావికులది, దీవివాసుల పొయ్యి ఊసే అందులో లేదు.

నేల చెప్పే సాక్ష్యం ఇంతకంటె గట్టిది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారి వద్ద జరీన్ కూపర్ తవ్వించిన గుల్లల దిబ్బ సుమారు 2,200 ఏళ్ల నాటిది. అటువంటి దిబ్బలలో గుల్లలు, ఎముకలతో పాటు కుండపెంకులు లభించాయి. కుండ కాల్చిన వారికి నిప్పు అపరిచితం కాదు.

ఇక నిప్పును కాపాడిన విధానం 1858లో పోర్ట్ బ్లెయిర్ స్థావరం ఏర్పడిన తరువాత ఈ.హెచ్. మాన్ వంటి అధికారుల రచనల వల్ల తెలియవచ్చింది. ప్రతి గుడిసెలోను నిప్పు ఆరనిచ్చేవారు కారు. ప్రయాణంలో రాజుకుంటున్న కొరకంచును వెంట తీసుకుపోయేవారు. వాన కురిస్తే దానికి ఆకులు చుట్టేవారు. కొద్ది దినాలకు విడిది విడిచేటప్పుడు పెద్ద దుంగను చాటున రాజుతూ ఉంచి వెళ్లేవారు. రాత్రి వెలుగుకు ఆకులలో చుట్టిన చెట్టుబంక దివిటీలు ఉండేవి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే అడవిలో ఏ కట్టె మంట లేక నెమ్మదిగా కాలుతుందో ఎరిగి ఉండడం సామాన్య విద్య కాదు. దానిని 'తెలియదు' అన్న గడిలో నమోదు చేయడం ఎంత సులువో దస్త్రాలతో పరిచయమున్న పాఠకులకు వివరించనక్కరలేదు.

వారి పురాణగాథలలో లకుముకి పిట్ట తుఫానుల అధిదేవత బిలికు వద్దనుండి నిప్పును అపహరించి తెచ్చింది. నిప్పు రగిలించే నేర్పు లేనందువల్లనే ఈ కథ పుట్టినదనే వాదం నిలువదు. మాతరిశ్వుడు అగ్నిని తెచ్చాడన్న వైదికులు అరణిని మథించినవారే కదా! బారెన్ దీవి అగ్నిపర్వతం నుండి తొలి నిప్పు వచ్చి ఉంటుందన్న ఊహ ఊహగానే మిగిలినది.

ఈ ప్రశ్నను శ్రద్ధగా విచారించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906లో దీవులకు వచ్చాడు. అప్పటికే 1877 నాటి తట్టు వ్యాధి గ్రేట్ అండమానీలను తుడిచిపెట్టినంత పని చేసింది. 1901 జనగణనలో వారి సంఖ్య 625. వెదురు బద్దలు రాపాడించి నిప్పు తీసే కొందరు ఉత్తర అండమాన్ వారిని ఆయన పేర్కొని, అది బర్మీయుల నుండో నికోబారీల నుండో నేర్చిన విద్యగా భావించాడు. మిగిలినవారికి అప్పట్లో స్థావరం నుండి అగ్గిపెట్టెలు అందుతుండేవి.