అగ్నిభయము – ఊరి సన్నాహము

మంటలార్పు పని యొక ప్రభుత్వశాఖ యగుట యిటీవలి సంగతి. మన ప్రాంతము చెన్నరాజధానిలో నున్న కాలమున, 1908లో, చెన్నపట్టణమునకు అగ్నిమాపక దళ మేర్పడినది. పల్లెలకది దూరపు మాట. రాష్ట్రపు అగ్నిమాపక శాఖకు ప్రత్యేక శాసనము వచ్చినది 1999లో. అంతకు పూర్వము హిందూపురము, పెనుకొండ, ధర్మవరము చుట్టుపట్ల పల్లెలలో మంట లేచినచో ఆర్పినదెవరు? ఊరివారే. ఆ దళమునకు పేరు లేదు, జీతము లేదు, హాజరుపట్టీ లేదు. పట్టీ లేని పనిని చరిత్రకారులు తలపెట్టరు. లెక్కల పుస్తకములతో ప్రొద్దుపుచ్చు నావంటివానికి ఆ లోటు మరింత స్పష్టముగ కనబడును.

పూర్వగ్రంథములలో ఈ విషయమును విపులముగ చెప్పినది కౌటిల్యుని అర్థశాస్త్రము. ఆ గ్రంథపు పేరు విన్నవారే గాని చూచినవారు లేని దినములలో, తంజావూరు ప్రాంతపు పండితుడొకడు దాని తాళపత్రప్రతిని మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు అప్పగించెను. అచ్చటి శామశాస్త్రిగారు 1905లో దానిని గుర్తించి, 1909లో అచ్చువేయించిరి. హిందూపురమునకు పొరుగైన మైసూరుసీమలో, ఒక గ్రంథాలయమున వెలుగుచూచిన నిధి యది. దాని రెండవ అధికరణమున, నగరాధికారి విధులు చెప్పుచోట, ఇంటింట నుండవలసిన సాధనములు లెక్కింపబడినవి: ఐదు నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, కచగ్రహణి, తోలుతిత్తి. నిచ్చెనకు ఆయన వాడిన మాట నిశ్రేణి; మన నిచ్చెనకు మూలమదియే. కచగ్రహణి యనగా జుట్టు పట్టునది, అనగా ఇంటి కప్పుగడ్డిని పట్టి లాగివేయునది. మన చింతకాయల దోటికి కొంచెము గట్టి కొక్కెము తగిలించినచో కచగ్రహణియే. తోలుతిత్తి మాట చదివినప్పుడు, మోటబావి యెరిగిన రైతుకు కపిలబాన గుర్తునకు రాక మానదు. వేసవిలో పల్లెవారు ఆరుబయట వంట చేసికొనవలెనని మరియొకచోట గలదు.

ఇల్లు కాలుచుండగా ఆర్పుటకు పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా. ఏమరుపాటున నిప్పంటుకొనుటకు కారకుడైనవానికి 54. కావలెనని నిప్పు పెట్టినవానికి మాత్రము అగ్నియే శిక్ష. ఈ చివరిదానిని నేటి న్యాయము ఒప్పదు, ఒప్పకుండుటయే మేలు. కాని యజమానికి అద్దెవానికంటె రెండింతలు విధించిన లెక్క నాకు చాల నచ్చినది.

మన పల్లెలలో జరిమానా లేదు, వాడుకయే చట్టము. తలారి కేక, తప్పెట మ్రోత వినబడగానే చేతికందిన కడవతో పరుగెత్తుట, పలుపులు కోసి పశువులను ముందుగా బయటికి తోలుట, గోనెపట్టాలు తడిపి పొరుగు కప్పుపై పరచుట, అవసరమైనచో ఆ కప్పునే పీకివేసి మంటకు దారి లేకుండ జేయుట. మంట యందరికి సమానమందుము గాని అది నిజము కాదు. రాతికూసములపై మన్ను కప్పిన మిద్దె అంత సులభముగ అంటుకొనదు. బోదకొట్టము, గడ్డివామి క్షణములో అంటుకొనును. కనుక నష్టము తరచుగా లేనివానిదే. నీటి విషయమున ఇంకొక చేదు సంగతి గలదు. ఊరి బావిని దళితులు ముట్టరాదన్న దురాచారము ఊరూర నుండెడిది. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. 1955లో దానిని నేరముగ శిక్షించు చట్టము వచ్చినది. అంతవరకు వాడలో కొట్టము కాలినప్పుడు, దగ్గరి నీరు దూరపు నీరయ్యెడిది. ఊరంతయు ఒక్క దళమని గొప్పగా వ్రాయుటకు నా కలము సాగదు.

దళమెంత గొప్పదైనను నీరు లేనిచో చేయునదేమి? ఇది వానలు తక్కువైన సీమ. 1388 నాటి శాసనమొకటి, హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుకొండలో నుండి, హెన్నేరును, అనగా మన పెన్నను, పెనుకొండకు తేవలెనని జలసూత్రజ్ఞుడగు సింగయభట్టును ఆజ్ఞాపించినట్లు చెప్పుచున్నది. సింగయభట్టు శిరువర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి రాజు పేరు పెట్టెను. శాసనములో అగ్నిమాట లేదు. ఐనను చెరువు నిండియున్న వేసవికిని, ఎండిన వేసవికిని గల తేడా, కొట్టమున కాపురమున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కౌటిల్యునిది దండనమార్గము, మన పల్లెది వాడుకమార్గము. మూడవదొకటి అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున పుట్టినది. దానిని స్థాపించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చుపని చేసి బ్రతికినవాడు. 1731లో మిత్రులతో చందాలు కూర్చి ఒక గ్రంథాలయమును స్థాపించెను. 1736లో ముప్పదిమందితో అగ్నిమాపక సంఘమును స్థాపించెను. ప్రతి సభ్యుడును తోలు బాల్చీలను, సామానులు కాపాడుటకు సంచులను, బుట్టలను సిద్ధముగ నుంచుకొనవలెనని వ్రాతమూలకముగ ఒప్పుకొనిరి. నెలకొకసారి సమావేశము. రానివారి జరిమానాతో నిచ్చెనలు, కొక్కెములు, నీటియంత్రములు కొనిరి. పరుగెత్తి వచ్చిన గుంపునకు లేనిది ఈ సంఘమునకు గలదు: ఎవరేమి తేవలెనో మంటకు ముందే తెలిసియుండుట. చందా, నెలసరి సమావేశము, ఆలస్యమునకు జరిమానా – ఇవి మన గ్రంథాలయ సభ్యులకు క్రొత్తవి కావు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రత్తిబేళ్లు, మందుగుండు నింపిన ఓడ పేలి, ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. ఏటేట ఆ దినమున దేశమంతట వారిని స్మరింతురు. అట్టి నిపుణులు నేడు 101 అంకెకు ఫోను చేయగనే బయలుదేరుదురు. కాని శకటము పట్టణమునుండి పల్లెకు వచ్చులోపల గడచు సమయము ఇప్పటికిని ఇరుగుపొరుగువారిదే. అది నేడు మరింత కష్టమైనది. మోటబావులు మూతపడినవి, కపిలబానలు కానరావు. ఇంట గ్యాసు సిలిండరు, పైకప్పున కరెంటు తీగ వచ్చినవి. తీగనుండి పుట్టిన మంటపై నీరు పోయరాదు. తొలుత ఫీజు పీకి, ఇసుక చల్లవలెను. ఈ సంగతి తెలియని కుర్రవారు ప్రతి యూర గలరు.

మన గ్రంథాలయపు వసారాలో ఒక పెద్ద నిచ్చెన, రెండు కొక్కెపు దోటులు, పది బాల్చీలు, నాలుగు ఇసుకబుట్టలు ఉంచుటకు చోటు గలదు. వాని తాళము ఎవరియింట ఉండవలెనో, పుస్తకములవలె వానికిని ఒక జాబితా ఎవరు వ్రాయవలెనో, రానున్న సర్వసభ్య సమావేశమున పాలకవర్గము వారు తేల్పగోరెదను.