గన్‌ఫౌండ్రీ గంటలు

గోదావరి కుడిగట్టున నున్న బూర్గంపాడు 1948 వరకు నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యమునకు రాజధానియైన హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమాండు అచ్చట ఫిరంగులు పోతపోయించెను. పేటకు పేరట్లు వచ్చినది. ఆ చెంతనే ఇటలీలోని మిలాను నగరమునుండి వచ్చిన మిషనరీలు సెయింట్ జోసఫ్ దేవాలయమును కట్టించిరి. 1875 క్రిస్మస్ నాటికి అందు ఆరాధన ఆరంభమైనది. గంటలు మోయవలసిన జంట గోపురములు మాత్రము 1891లో గాని పూర్తికాలేదు. మరుసటి యేడు మిలాను నుండి అయిదు గంటలు వచ్చినవి.

ఫిరంగులు పోసిన పేటకు అంత దూరమునుండి గంటలేల? కంచు రెంటికిని ఒకటే, పాళ్లు వేరు. ఫిరంగి కంచులో తగరము ఇంచుమించు పదవ వంతు. ప్రేలుడు ధాటికి అది పగులరాదు. గంట కంచులో తగరము అయిదవ వంతు, ఒకింత హెచ్చు కూడ. నాదము నిలుచుట అందువలననే. లోహము పెళుసగుటయు అందువలననే. అంచు మందము కొంచెము తప్పినను శ్రుతి చెడును. ఒంటి గంటను పోయుట యొక యెత్తు, అయిదింటిని ఒండొంటితో శ్రుతి కలుపుట యింకొక యెత్తు. ఫిరంగి పోసినవానికి ఈ చింత యెన్నడును లేదు!